పంటి కింద ఇసుక

నా చిన్నప్పుడు మా పాకలో ఎటు చూసినా సుద్దే. గోడకు సుద్ద, కుండకు సుద్ద, మా పెద్దమ్మ చీర కుచ్చెళ్ళలో సుద్ద. దానితో ఒక్క అక్షరం గీయడం మాత్రం మాలో ఎవరికీ రాదు. ఇంత ఆలస్యంగా, మనవరాళ్ళు పుట్టాక, నేను అక్షరాలు నేర్చుకున్నాను. పోయిన ఏడు మా చర్చి పక్కనున్న రేకుల గదిలో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పే అమ్మాయి నన్నూ రమ్మంది. నేను వద్దన్నాను. ఆ అమ్మాయి నా మాట ఏమాత్రం చెవిన పెట్టకుండా మణికట్టు పట్టుకుని లాక్కుపోయి చాప మీద కూర్చోబెట్టింది.

క దగ్గర మొదలుపెట్టి ణ దాకా బాగానే నడిచింది. త, థ, ద, ధ, న దగ్గర నా బండి ఆగింది. నాలిక కొసని పై పళ్ళకు ఆనించి పలకాలని ఆ అమ్మాయి చెప్పింది. ఆనించడానికి నాకు ముందు పళ్ళు లేవు. చిగుళ్ళలో అరిగిపోయిన మొదళ్ళు మాత్రం ఉన్నాయి. ‘త’ అనబోతే ఉత్త గాలి వచ్చింది. గదిలో అందరూ నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. పళ్ళు ఏమయ్యాయి అవ్వా, బెల్లం బాగా తిన్నావా అని అడిగింది ఆ అమ్మాయి. మట్టి తిన్నాను అని చెప్పాను. హాస్యమాడుతున్నాను అనుకుంది. అది హాస్యం కాదని నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పుడు రాయడం వచ్చింది గనక రాస్తున్నాను.

మనుబోలు దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే అప్పట్లో సుద్ద కడిగే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఫ్యాక్టరీ అన్నది పేరుకే. ఒక వంకర కాలువ, వరసగా సిమెంటు తొట్లు, ఎండబోసే నేల, పనివాళ్ళ తాటాకు పాకలు, అంతే. గుంటల్లో తవ్విన సుద్దమట్టి బండ్ల మీద వచ్చేది. చూడడానికి తెల్లగానే ఉంటుంది గాని లోపల ఇసుక ఉంటుంది, అభ్రకం ఉంటుంది, తుప్పు రంగు చారలు ఉంటాయి. ఆడవాళ్ళు ఆ గడ్డల్ని చితక్కొట్టి, నీళ్ళలో నానబెట్టి, కాళ్ళతో తొక్కి పాలలాగా చేసేవాళ్ళు. ఆ పాలని కాలువలోకి వదిలితే బరువైన ఇసుక మలుపు మలుపునా అడుక్కు దిగిపోయేది. తేలికైన సుద్ద నీళ్ళతో పాటు ముందుకు పోయేది. దాన్ని గుడ్డలో వడగట్టి తొట్లలో నిలవబెట్టేవాళ్ళు. తొట్టి గోడకు పైనుంచి కిందిదాకా బెజ్జాలు ఉండేవి, వాటికి కట్టె బిరడాలు. సుద్ద అడుక్కు దిగే కొద్దీ పై బిరడా మొదలుకొని ఒక్కొక్కటే పీకితే తేటనీరు పోయి చివరకు వెన్నలాంటి ముద్ద మిగిలేది. ఎండాక అది బిళ్ళలు బిళ్ళలుగా లారీ ఎక్కేది. పింగాణీ కప్పులు చేసే కంపెనీకి కొంత, కాగితం మిల్లుకు కొంత.

సుద్దలో ఇసుక మిగిలిందో లేదో చూడడానికి కొనేవాళ్ళ దగ్గర సన్న జల్లెడలు ఉండేవి, చిన్న బిళ్ళ చేసి కాల్చి చూసే పొయ్యి ఉండేది. మా దగ్గర మా పెద్దమ్మ పళ్ళు ఉండేవి.

ఆ పనిని మావాళ్ళు ‘నోరు’ అనేవాళ్ళు. ఆ పని చేసే మనిషి పేరు కూడా అదే. తొట్టి తెరిచే ముందు మేస్త్రి, నోరు వచ్చిందా అని కేకేసేవాడు. నోరు ఒప్పుకుంటేనే సుద్ద ఎండకు పోయేది. లేకపోతే మళ్ళీ మొదటినుంచి కడగాలి. మా పెద్దమ్మ తొట్టి అడుగునుంచి చింతగింజంత ముద్ద తీసుకుని ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పన్ను మీద పన్ను మెల్లగా జరిపేది. మంచి సుద్ద మీగడలాగా జారిపోతుంది. ఇసుక ఉంటే కర్రుమంటుంది. ఆ చప్పుడు నాలికకు తెలియదు, చెవిలో లోపలి వైపు నుంచి వినపడుతుంది. అభ్రకం అయితే పంటికి చిక్కదు, తప్పించుకుని పక్కకు పోతుంది. ఇనుము ఉన్న సుద్ద తుప్పు మేకు నాకినట్టు ఉంటుంది. ఇవన్నీ ఆమె నాకు నేర్పలేదు. పక్కన కూర్చుని ఆమె ఊసిన చోటే నేనూ ఊస్తూ, ఆటలాగా నేర్చుకున్నాను.

నన్ను కని మా అమ్మ పోయింది. మా నాయన ఇంకొక ఆమెను చేసుకుని బోగోలు వైపు వెళ్ళిపోయాడు. భర్త పోయిన మా పెద్దమ్మే నన్ను పెంచింది. ఆమెకు నోటి పని ఉన్నంతవరకే మాకు ఆ పాక. ముద్దుచేసే మనిషి కాదు గాని తను తినే ముందు నాకు పెట్టేది. మాటలో ఎప్పుడూ ఎగతాళి. నేను ఏడిస్తే, ఆ నీళ్ళు తొట్లో పోయమే, కాలువ నీళ్ళు మిగుల్తాయి అనేది.

ఆదివారం చర్చికి నెల్లూరునుంచి ఒక టీచరమ్మ వచ్చి పిల్లలకు వాక్యాలు చెప్పేది. ఒకసారి వింటే నేను మళ్ళీ తప్పు లేకుండా అప్పజెప్పేదాన్ని. తల్లి లేని ఆడపిల్లలకు నెల్లూరులో హాస్టలు ఉందనీ, అన్నం పెట్టి చదివిస్తారనీ, నన్ను అక్కడ చేరుస్తాననీ ఆమె పెద్దమ్మతో చెప్పింది. వచ్చే సోమవారం పొద్దున తనే వచ్చి తీసుకుపోతానంది. మా పెద్దమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, తన పాత చీర చించి నాకు గౌను కుట్టించింది. నీలం గౌను, మెడ దగ్గర కుచ్చు. సోమవారం దాకా వేసుకోవద్దని దూలానికి వేలాడదీసింది. నేను కింద పడుకుని దాన్నే చూసేదాన్ని.

ఆ వారంలోనే పింగాణీ కంపెనీ నుంచి లారీ తిరిగి వచ్చింది. సుద్దలో ఇసుక ఉందనీ, కాల్చిన బిళ్ళలన్నీ మశూచి మొహాల్లా వచ్చాయనీ డ్రైవరు చెప్పాడు. మేస్త్రి ఏమీ అరవలేదు. అందరినీ పని ఆపించి తొట్ల దగ్గరికి రమ్మన్నాడు. లారీలోంచి ఒక బిళ్ళ తీసి, విరిచి, పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

“నీ నోరు పంపించినదే గదా. నీ నోరే తినాల.”

ఆమె తినింది. అందరి ముందు నిలబడి, ముక్క తర్వాత ముక్క నమిలి మింగింది. నా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. ఇవ్వబోతే మేస్త్రి కళ్ళతోనే ఆపాడు. కొంతమంది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు కూడా. తెల్లగా పూసుకుపోయిన పెదాలు తుడుచుకుని పెద్దమ్మ, “బాగుండాదన్నా, ఉప్పే తక్కువైంది,” అనింది. అప్పుడు అందరూ నవ్వారు, మేస్త్రి తప్ప. ఈ వారం దాటితే వేరే నోరు చూసుకుంటాననీ, పాక ఖాళీ చెయ్యాల్సి వస్తుందనీ చెప్పి అతను వెళ్ళిపోయాడు.

ఆమె పళ్ళు అరిగిపోయాయని నాకు అప్పటికే తెలుసు. ముద్ద పళ్ళ మధ్య పెట్టుకుని మునుపటికంటే చాలాసేపు ఉండేది, తర్వాత నా మొహం చూసేది. నేను ఊసిన తీరును బట్టి తను చెప్పేది. ఇది మా ఇద్దరికే తెలుసు. ఆ లారీ సుద్ద చూసిన రోజు నేను జ్వరంతో పాకలో పడుకుని ఉన్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ నన్ను తొట్ల దగ్గరికి పిలిచింది. గట్టు మీద బాదం ఆకు పరిచి మూడు సుద్ద ఉండలు పెట్టి ఉన్నాయి. కొంచెం ఎడంగా మేస్త్రి కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. సెలవు రోజు అతను ఇక్కడెందుకు ఉన్నాడని నాకు అనుమానం రాలేదు. సోమవారం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

“టీచరమ్మ రేపొస్తాది,” అనింది పెద్దమ్మ. “తెలివి లేని మొద్దుల్ని బళ్ళో పెట్టుకోరంట. ఈ మూడిట్లో ఇసక యాడుండాదో చెప్పు. చెప్తే గౌనేసుకోని పో. చెప్పలేకుంటే ఈడే పడుండు.”

నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు రాయలేను. బడికి ఇంత సులువైన పరీక్ష ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నోరు పుక్కిలించి, మొదటి ఉండ పళ్ళ మధ్య పెట్టుకున్నాను. మీగడ. రెండవది పెట్టగానే కర్రుమంది, అది చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మూడవది చాలాసేపు ఉంచుకున్నాను. నున్నగా ఉంది, బాగుంది అని చెప్పబోతూ ఉండగా చెవిలో, ఎక్కడో దూరాన, సన్నగా ఒక్క గీత గీసినట్టు వినపడింది. మళ్ళీ ఇంకొక కొస కొరికాను. మళ్ళీ వినపడింది.

రెండోదాంట్లో బోలెడు ఉంది, మూడోదాంట్లో ఒకటి రెండు రేణువులు ఉన్నాయి అని చెప్పాను. పెద్దమ్మ మూడో ఉండ తీసుకుని తనూ కొరికింది. కళ్ళు మూసుకుంది. ఆమెకు ఏమీ వినపడలేదని నాకు తెలిసిపోయింది. మేస్త్రి లేచి వచ్చి ఆ ఉండని గ్లాసు నీళ్ళలో కరిగించి, తన జేబురుమాలులో వడగట్టి, ఎండకు పట్టి చూశాడు. గుడ్డ మీద రెండు రేణువులు మెరిశాయి. అప్పుడు మొదటిసారి అతను నవ్వడం చూశాను.

“ఇదీ నోరంటే,” అన్నాడు పెద్దమ్మతో. “పాకలోనే ఉండండి ఇద్దురూ. రేపట్నుంచి దీన్నే తీసుకరా.”

నాకు ఇంకా అర్థం కాలేదు. గౌను వేసుకోనా పెద్దమ్మా అని అడిగాను. మేస్త్రి పడీ పడీ నవ్వాడు. అతనికంటే గట్టిగా మా పెద్దమ్మ నవ్వింది. ఆ రోజు జరిగిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ఆ నవ్వే. అందరి ముందు లారీ సుద్ద తిని నవ్వించినప్పుడు కూడా ఆమె పళ్ళు అంత కనపడలేదు.

“యేసుకోమే. యేసుకోని తొట్టికాడికి రా.”

నేను చెప్పింది సరైనదే కదా అని ఏడ్చాను. సరైనదే, అందుకే అని ఆమె చెప్పింది. మేస్త్రి పోయాక నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసింది. చేతులు మెత్తగానే ఉన్నాయి. మాట మాత్రం మెత్తగా లేదు.

“తెలవదని చెప్పుంటే ఈ పాటికి పొయ్యుండేదానివి గదమే. మొద్దుని ఎవురు పట్టుకుంటారు? తెలుసునని చెప్పినావు, చిక్కినావు. మనుషులు అడిగేటప్పుడు వాళ్ళకేం కావాలో ముందు చూడు. నిజం చెప్పేది సుద్ద కాడ.”

జడ వేసి, రిబ్బను లేదు గనక గుడ్డ పేలికతో ముడి వేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పొద్దు వాలేదాకా తొట్టి గట్టు మీదే కూర్చున్నాను. ఆమె మాటల్ని పళ్ళ మధ్య పెట్టుకుని జరిపి చూసినట్టు చూశాను. ఇసుక తగల్లేదు. ఆమె చెప్పింది నిజమే. పోవాలని ఉందని చూపిస్తే పట్టుకుని ఆపుతారు, పోనంటే ఈడ్చుకుపోతారు. ఫ్యాక్టరీలో నేను రోజూ చూసేదీ అదే. కాలువలోకి దిగనని ఏడ్చే పిల్లల్ని రెక్క పట్టుకుని దించేవాళ్ళు. మందు తాగనన్నవాళ్ళకు ముక్కు మూసి పోసేవాళ్ళు. ఉండిపోతానన్న పిల్లను మాత్రం ఇంటికి పొమ్మనేవాళ్ళు. చీకటి పడేసరికి రేపు ఏం చెయ్యాలో నాకు తెలిసిపోయింది. నాకు మా పెద్దమ్మ మీద కోపం కూడా పోయింది. ఇంత మంచి కిటుకు తెలియక చెప్పేసింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున టీచరమ్మ బస్సు దిగి, గుడ్డ సంచి భుజాన వేసుకుని, పుంత వెంట నడిచి వచ్చింది. నేను గౌను వేసుకుని పాక ముందు నిలబడ్డాను. మా పెద్దమ్మ ఎదురుపోయి ఏదో నసుగుతోంది, పిల్లకు ఒంట్లో బాగలేదనో, ఊరెళ్ళాలనో. టీచరమ్మ అదంతా విని, పాపనే అడుగుతానమ్మా అని నా దగ్గరికి వచ్చింది. నేల మీద మోకాళ్ళు ఆనించి, నా మొహానికి మొహం సరిగ్గా పెట్టింది. పెద్దవాళ్ళు ఎవరూ నా ముందు అట్లా కూర్చోవడం అంతవరకు నాకు తెలియదు. ఆమె దగ్గర సబ్బు వాసన వచ్చింది. సంచిలోంచి ఒక పలక సగం బయటికి తీసింది, కొత్తది, చెక్క చట్రం ఇంకా పసుపుగా ఉంది.

“నీకు నాతో రావాలని ఉందా పాపా? నీ ఇష్టం ఎట్లా అంటే అట్లా.”

“వద్దు,” అన్నాను.

ఆమె మొహం మారింది. మళ్ళీ అడిగింది, ఇంకా మెల్లగా. అక్కడ బోలెడుమంది పిల్లలు ఉంటారని, భయం లేదని చెప్పింది. నేను ఇంకా గట్టిగా, “వద్దు. నాకు చదువు ఇష్టం లేదు,” అన్నాను. అని, నా కుడి చెయ్యి కొంచెం ముందుకు పెట్టాను, మణికట్టు ఆమెకు అందేటట్టు. ఇప్పుడు పట్టుకుంటుంది, ఇప్పుడు లాగుతుంది అని చూస్తున్నాను. లాగితే ఏడవాలని కూడా అనుకుని ఉన్నాను, పెద్దమ్మకు అనుమానం రాకుండా.

ఆమె నా తల నిమిరింది. పలకను మళ్ళీ సంచిలోకి తోసింది. పిల్లలకు ఇష్టం లేకుండా తీసుకుపోవడం తనకు ఇష్టం లేదని పెద్దమ్మతో చెప్పి, లేచి, మోకాళ్ళకు అంటిన సుద్ద దులుపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నేను చెయ్యి ముందుకు పెట్టుకునే నిలబడ్డాను. పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియలేదు. రమ్మని పిలిస్తే వెళ్ళిపోతుందేమో అనిపించింది.

పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. “ఎట్టా పంపించేదా ఆమెని అని నేను చస్తా ఉంటే,” అనింది, “నువ్వే పంపించేసినావు గదమే.” అప్పుడు ఆమె నవ్వలేదు.

ఆ గౌను కొన్నాళ్ళకు పొట్టిదై వడపోత గుడ్డ అయింది. పెద్దమ్మ పోయాక కూడా, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా, ఆ తొట్లు మూతపడేదాకా అక్కడి నోరు నేనే. కాగితం నున్నగా రావడానికి పైన పూసేది ఆ సుద్దేనని మొన్న మొన్ననే చదువు చెప్పే అమ్మాయి ద్వారా తెలిసింది. ఎవరూ చూడకుండా నోటుబుక్కు అంచు దవడ పళ్ళ మధ్య పెట్టుకుని చూశాను. ఎవరో బాగానే కడిగారు. ఆ రోజు నేర్చుకున్న పాఠం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అన్నం మారు వడ్డించబోతే వద్దంటాను. మా కోడలు కొత్త చీర చూపిస్తే వద్దంటాను. ఆశ లేని మనిషివి అత్తా అని ఆమె మెచ్చుకుంటుంది. వద్దన్నాక నేను ఒక్క క్షణం ఆగి చూస్తానని ఆమెకు తెలియదు. అవతలివాళ్ళు నా మాట నమ్ముతారా, నమ్మరా అని చూస్తాను. దాదాపు అందరూ నమ్ముతారు. మొట్టమొదట నమ్మింది టీచరమ్మ.

ఆ పొద్దున ఆమె సంచి తాటిచెట్ల వెనక కనపడకుండా పోయాక, గౌను తడవకుండా మోకాళ్ళ పైకి దోపుకుని నేను తొట్టి దగ్గరికి వెళ్ళాను. నోరు వచ్చిందా అని మేస్త్రి కేకేశాడు. వచ్చింది అని మా పెద్దమ్మ చెప్పింది. అడుగునుంచి చింతగింజంత ముద్ద తీసి నా నోటికి అందించింది. కళ్ళు మూసుకుని పన్ను మీద పన్ను జరిపాను. చెవిలో ఏమీ వినపడలేదు. ఇంకొక చోట తీయించి మళ్ళీ చూశాను. సుద్ద శుభ్రంగా ఉంది. నిజమే చెప్పాను.